తెల్లవారుజామున మోగే ఫోను



భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులను నమ్ముకుని బతికే మోటారు మెకానిక్కుకు పగటి పని వేరు, రాత్రి పని వేరు. పగలైతే కాలిపోయిన మోటారే అతని షాపుకు వస్తుంది. రాత్రయితే షాపంతా సంచిలో వేసుకుని అతనే చెరువు గట్టుకు వెళ్లాలి. పగలు ‘సాయంత్రానికి కట్టి ఇస్తానండి’ అంటే రైతు సరేనని వెళ్లిపోతాడు. రాత్రి రెండున్నరకు ఫోన్ చేసిన రైతుతో ఆ మాట అనడానికి లేదు.

ఎందుకు లేదో చెరువు నీళ్లే చెబుతాయి. పగటిపూట ఎండకు నీటిలోని సన్నటి నాచు ఆక్సిజన్ విడుస్తుంది. సాయంత్రానికి నీటిలో అది పుష్కలంగా ఉంటుంది. పొద్దు గుంకాక ఆ నాచు కూడా రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీల్చుకోవడం మొదలుపెడుతుంది. అడుగున పేరుకున్న మేత, మలినాలు కుళ్లుతూ మరికొంత లాగేస్తాయి. అలా తగ్గుతూ తగ్గుతూ తెల్లారే ముందు అట్టడుగుకు చేరుతుంది. వనామీ రొయ్యకు లీటరు నీటిలో నాలుగైదు మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే ఇబ్బంది లేదు. మూడు కంటే తగ్గిందంటే మేత మానేస్తుంది, నీరసిస్తుంది. ఇంకా దిగితే పైకి తేలి గట్టు వారకు చేరుతుంది. ముందురోజు మబ్బు పట్టి ఉంటే లోటు ఇంకా ముందే మొదలవుతుంది.

ఈ లోటును పూడ్చేవే ఏరియేటర్లు. తెడ్ల లాంటి రెక్కలు గిర్రున తిరుగుతూ నీటిని చిమ్ముతుంటే గాలి నీటిలో కలుస్తుంది. పంట ముదిరేకొద్దీ రాత్రంతా అవి తిరుగుతూనే ఉండాలి. ఎకరానికి రెండు టన్నులు దిగే చెరువు అనుకుందాం. కిలో మూడు వందల లెక్కన ఆరు లక్షలు. సీడు, మేత, మందులు, కౌలు, కరెంటు బిల్లు, మూడు నాలుగు నెలల నిద్ర అన్నీ అందులోనే ఉన్నాయి. ఏరియేటర్లు నిలిచిపోయాక ఆ చెరువు ఎంతసేపు ఓర్చుకుంటుందన్నది రొయ్య సైజు మీద, నీటి లోతు మీద, ఆ రాత్రి వాతావరణం మీద ఆధారపడి ఉంటుంది. ఒక్కోసారి గంట కూడా ఇవ్వదు.

అందుకే ఇక్కడ మంచి మెకానిక్కు ఎవరంటే బండి వేగంగా నడిపేవాడు కాదు, ఫోన్‌లో సరైన ప్రశ్నలు అడిగేవాడు.

‘‘ఏరియేటర్లు ఆగిపోయాయండి, అర్జెంటుగా రండి’’ అని అటునుంచి గాభరాగా వినిపిస్తుంది. చెరువు కాపలా మనిషి కావచ్చు, రైతే కావచ్చు. అనుభవం లేని కుర్రాడైతే ‘వస్తున్నా’ అని ఫోన్ పెట్టేసి చొక్కా తొడుక్కుంటాడు. అనుభవం ఉన్నవాడు మంచం మీద కూర్చునే మొదలుపెడతాడు. ‘‘అన్నీ ఆగాయా, ఒక వరసే ఆగిందా? షెడ్డులో లైటు వెలుగుతోందా? మోటార్లు తిరగకుండా మూలుగుతున్నాయా, అసలు చప్పుడే లేదా? స్టార్టర్ దగ్గర కాలిన వాసన వస్తోందా? జనరేటరు వేసి చూశారా?’’

ఇందులో ఒక్క ప్రశ్న కూడా వృథా కాదు. లైటు వెలుగుతూ, మోటార్లు మూలుగుతున్నాయంటే మూడు ఫేజుల్లో ఒకటి పోయిందన్నమాట. ఆ స్థితిలో మిగిలిన రెండు ఫేజుల మీద భారం పడి, నిమిషాల్లో వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది. మెకానిక్కు దారిలో ఉండగానే ఆరు మోటార్లు మాడిపోవచ్చు. కాబట్టి బయలుదేరే ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. ‘‘ముందు స్టార్టర్లన్నీ ఆఫ్ చేసెయ్యండి. జనరేటరు మీదికి మార్చాక ఒక్కొక్కటిగా వెయ్యండి.’’ ఈ రెండు వాక్యాలు ఆ రైతుకు కొన్ని వేల రూపాయల రీవైండింగ్ ఖర్చు మిగులుస్తాయి. ఇలాంటి రాత్రుల కోసమే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ అనే చిన్న పరికరం ఉంది. ఒక ఫేజు పోగానే మోటారును ఆపేస్తుంది. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని చాలా చెరువుల దగ్గర దాన్ని తప్పించి డైరెక్ట్ చేసేస్తారు. ఆ మాట కూడా ఫోన్‌లోనే అడిగి తెలుసుకోవాలి.

జనరేటరు స్టార్ట్ కాకపోతే మరికొన్ని ప్రశ్నలు. ట్యాంకులో డీజిల్ ఉందా? బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లటి పొడి పట్టిందా? సెల్ఫ్ కొడుతుంటే ఇంజను తిరుగుతోందా, టిక్కుమని ఆగిపోతోందా? డీజిల్ అయిపోయాక మళ్లీ పోసి ఉంటే లైనులో గాలి పట్టి ఉంటుంది. ఫిల్టరు దగ్గరున్న చేతి పంపును నొక్కుతూ, స్క్రూ కొంచెం వదులు చేసి, బుడగలు ఆగి డీజిల్ ధార వచ్చేదాకా గాలి తీయించాలి. ఇదంతా స్పీకర్ ఆన్ చేసి, టార్చి వెలుగులో కాపలా మనిషి చేత చేయించే మెకానిక్కులు ఉన్నారు. ఇంజను అందుకున్న చప్పుడు ఫోన్‌లో వినిపిస్తే ఆ రాత్రికి ప్రయాణమే తప్పుతుంది. అలా ఫోన్‌లో చేయించిన పనికి డబ్బులు అడగాలా వద్దా అని చాలామంది మొహమాటపడతారు. అడగాలి. నిద్ర లేచి, బుర్ర పెట్టి, చెరువును గట్టెక్కించినవాడు బండెక్కలేదన్న ఒక్క కారణంతో ఆ పనికి విలువ లేకుండా పోదు.

కొన్ని పనులకు మాత్రం రాత్రయినా, ఎంత డబ్బిస్తామన్నా ఒప్పుకోకూడదు. మొదటిది ట్రాన్స్‌ఫార్మర్. ‘‘లైన్‌మన్ వచ్చేసరికి తెల్లారిపోద్ది, ఆ ఫ్యూజేదో నువ్వే వేసెయ్ తమ్ముడూ’’ అని రైతు బతిమాలతాడు. ఆ బాధ నిజమైనదే. కానీ మీటరు దాకా ఉన్నదంతా విద్యుత్ సంస్థ బాధ్యత, మీటరు దాటాక ఉన్నదే వినియోగదారుడిది. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్నది 11 వేల వోల్టుల లైను. పైన స్విచ్ సరిగా విడిపోయిందో లేదో చీకట్లో కింద నుంచి కనబడదు. మన ఊళ్లలో ఇలా ఫ్యూజు వేయబోయి ప్రాణాలు పోగొట్టుకున్న రైతుల వార్తలు ప్రతి ఏడాదీ చదువుతూనే ఉన్నాం. 1912కు ఫోన్ చేయించడం, లైన్‌మన్ వచ్చేదాకా జనరేటరు నడిచేలా చూడడం, అంతవరకే మెకానిక్కు పని.

రెండోది, లైనును, జనరేటరును వేరుగా ఉంచే ఛేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటరు కలపడం. తొందరలో వైర్లు నేరుగా బోర్డుకు తగిలిస్తే జనరేటరు కరెంటు వెనక్కి లైనులోకి పోతుంది. అదే ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని తిరగేసి 11 వేల వోల్టులకు పెంచి పంపుతుంది. లైను చచ్చి ఉందనుకుని మైలు దూరంలో స్తంభమెక్కిన మనిషికి అది తగులుతుంది. చెరువు దగ్గర ఉన్నవారికి ఆ సంగతే తెలియదు.

ఇక నీళ్లలోకి దిగే విషయం. ఈ వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం ఇదే. చెరువు నడుమ ఒక ఏరియేటర్ ఆగింది. బేరింగ్ పట్టేసిందో, ఆయిల్ సీల్ పోయి గేర్‌బాక్స్‌లోకి ఉప్పునీరు చేరిందో, కేబుల్ జాయింట్ ఊడిందో దగ్గరికి వెళ్లి చూస్తేగాని తెలియదు. నడుము లోతు నీటిలో దిగాలి. మిగిలిన ఏరియేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. వాటిని ఆపితే రొయ్యకు ఊపిరాడదు. ఆపకపోతే అవే కేబుళ్ల పక్కన మనిషి నిలబడాలి. గట్టు మీదున్న రైతు ‘‘ఆ ఒక్కటే ఆఫ్ చేశాం కదా, దిగు’’ అంటాడు. ఆఫ్ చేసింది ఆ ఒక్కటే. కానీ పక్క కేబుల్‌కు వేసిన టేపు ఎప్పటిదో, దాని కింద రాగి తీగ ఎంత బయటపడి ఉందో ఎవరూ చూడలేదు. తడిసిన ఒంటికి కరెంటు ఎక్కువగా ఎక్కుతుంది. ఒక ఆంపియరులో వెయ్యో వంతును మిల్లీ ఆంపియరు అంటారు. అలాంటివి 30 దాటి గుండె మీదుగా పోతే ప్రాణం మీదికి వస్తుంది. మనుషులను కాపాడడానికి పెట్టే ఈఎల్‌సీబీని ఆ 30 దాటకముందే ట్రిప్ అయ్యేలా తయారు చేస్తారు. ఉప్పునీటి చెరువుల్లో అది తరచూ పడిపోతుందని దాన్నీ పీకేసిన బోర్డులు కనిపిస్తాయి.

దీనికి అనుభవజ్ఞులు పాటించే పద్ధతి ఒకటుంది. దిగేముందు ఆ వైపు మొత్తం సరఫరా ఆపించి, మెయిన్ స్విచ్ దగ్గర ఒక మనిషిని నిలబెడతారు. తాను గట్టెక్కి వచ్చి స్వయంగా చెప్పేదాకా ఎవరు అరిచినా స్విచ్ వేయొద్దని గట్టిగా చెబుతారు. ఆ పది పదిహేను నిమిషాలూ అవతలి వైపు ఏరియేటర్లు నడుస్తుంటాయి. అవీ లేకపోతే ఆక్సిజన్ మాత్రలు, పొడి చల్లిస్తారు. పాడైన ఏరియేటర్‌ను చెరువులోనే బాగుచేయకుండా, తాడుతో గట్టుకు లాగి అక్కడ విప్పుతారు. సమయం కాస్త ఎక్కువ పట్టినా మెకానిక్కు పొడి నేల మీద నిలబడి పనిచేస్తాడు. దీనికి ఒప్పుకోని రైతు ఉంటే ఆ రాత్రి ఆ చెరువును వదిలేసి రావడమే సరైన పని. వినడానికి కఠినంగా ఉన్నా ఈ మాట మార్చి చెప్పడానికి వీల్లేదు.

అన్ని పిలుపులూ ఇంత కష్టమైనవి కావు. జనరేటరు మీదికి మార్చాక ఏరియేటర్ రెక్కలు వెనక్కి తిరుగుతున్నాయని కంగారుపడి ఫోన్ చేసేవాళ్లూ ఉంటారు. ఏ రెండు ఫేజులో తారుమారయ్యాయి, అంతే. జనరేటరు ఆపి రెండు వైర్లు అటూ ఇటూ మారిస్తే సరిపోతుంది.

డబ్బు సంగతికి వద్దాం. రాత్రి పనికి పగటి రేటు కన్నా ఎక్కువ తీసుకోవడం దోపిడీ అనుకునేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. లెక్క వేసి చూస్తే అలా అనలేరు. రాత్రి రెండింటికి వెళ్లి ఐదింటికి ఇల్లు చేరిన మనిషి మర్నాడు తొమ్మిదింటికి షాపు తీయలేడు. తీసినా చేతులు వణుకుతాయి. అంటే రాత్రి సంపాదన పొద్దుటి సంపాదనను మింగేస్తుంది. పైగా ఫోన్ మోగని రాత్రి కూడా అతను ఊరు దాటి వెళ్లడు, ఫోన్ ఆపడు. ఆ కాచుకుని ఉండడానికి ఎవరూ విడిగా డబ్బివ్వరు కాబట్టి, పిలిచిన రాత్రి చార్జీలోనే అది రావాలి. ఇందులో దాపరికం అక్కర్లేదు. పని అయ్యాక చెప్పడమే అసలు తప్పు. చెరువు బతికాక చెప్పిన ధర ఎంతైనా ఎక్కువగానే వినిపిస్తుంది.

ఫోన్‌లోనే, బయలుదేరే ముందే చెప్పేయాలి. ‘‘వచ్చినందుకు ఇంత అవుద్దండి, పని తేలినా తేలకపోయినా. రిపేరు, సామాను విడిగా. రమ్మంటారా?’’ నాలుగు ముక్కలు, మర్యాదగా. అవతలివారు ఆలోచించుకుని ‘పొద్దున్నే రండి’ అంటే ఇద్దరికీ మంచిదే, అంత అత్యవసరం కాదని తేలిపోయింది. ‘రండి’ అంటే తర్వాత పేచీ ఉండదు.

ఆక్వా ప్రాంతంలో ఇంకో చిక్కుంది. ఇక్కడ చాలా లెక్కలు ‘పట్టుబడి’ మీద తేలతాయి. రొయ్య పట్టి అమ్మాక మేత కొట్టుకు, మందుల కొట్టుకు, ఆ తర్వాత మెకానిక్కుకు. పంట బాగుంటే ఫరవాలేదు. తెల్లమచ్చ వ్యాధి వచ్చి చెరువు ముందే ఖాళీ చేయాల్సి వస్తే వరసలో చివర నిలబడ్డ మెకానిక్కుకు ఏమీ మిగలదు. రీవైండింగ్ రాగి తీగకు మాత్రం అతను అప్పటికే రొక్కం ఇచ్చి ఉంటాడు. కొందరు దీనికి దారి వెతుక్కున్నారు. సామాను డబ్బు అప్పటికప్పుడు ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో తీసుకుని, కూలి మాత్రం పట్టుబడి దాకా ఆగుతారు. ఇంకొందరు పంటకు ఇంత అని ముందే మాట్లాడుకుని, సీడు వదిలిన రోజే సగం తీసుకుంటారు. రెండో పద్ధతిలో రైతుకూ లాభం ఉంది. అలా ఒప్పుకున్న మెకానిక్కు రాత్రి పిలుపులు తగ్గించుకోవడానికైనా పగటిపూట వచ్చి బోర్డులు, జాయింట్లు చూసి పోతాడు.

పట్నాల్లో పిలుపులు వేరేగా ఉంటాయి. హైదరాబాదు అపార్టుమెంటులో రాత్రి పదకొండింటికి పైపు పగిలిందని ఫోన్ వస్తే ప్లంబరు ముందు అడగాల్సింది ‘గేట్ వాల్వ్ ఎక్కడుందో తెలుసా’ అని. అది కట్టేస్తే చాలా ఇళ్లలో మిగతా పని పొద్దుటి దాకా ఆగుతుంది. స్విచ్ బోర్డు దగ్గర చిటపటలంటే మెయిన్ ఆఫ్ చేయించాలి. గ్యాస్ వాసన అని చెబితే ఎలక్ట్రీషియన్ వెళ్లాల్సిన పనే కాదు. ఏ స్విచ్చీ వేయొద్దు, తీయొద్దు, రెగ్యులేటరు కట్టేసి కిటికీలు తెరిచి బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయమనాలి. సెప్టిక్ ట్యాంకు పొంగిందని, ఒక మనిషిని దింపమని అడిగితే ఒప్పుకోకూడదు. అలా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. యంత్రంతో తోడించడానికి 14420 నంబరు ఉంది. తాళాలు తీసేవారైతే రాత్రిపూట తలుపు తీసేముందు ఆ ఇల్లు పిలిచినవారిదేనని వాచ్‌మన్ చేతనో, పక్కింటివారి చేతనో చెప్పించుకోవాలి.

పెద్ద వానలు, తుపాన్లు వచ్చినప్పుడు ఈ పిలుపులన్నీ ఒకేసారి మోగుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం మునిగినప్పుడు వీధుల్లో నీరు తగ్గీ తగ్గకముందే ఎలక్ట్రీషియన్ల కోసం జనం వెతుక్కున్నారు. అలాంటప్పుడు ఒత్తిడి అంతా ‘కరెంటు ఇప్పించు’ అనే. తడిసిన మోటారు, బురద పట్టిన బోర్డు పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. మామూలు మల్టీమీటరుకు అది దొరకదు. ఇన్సులేషన్‌ను కొలిచే 500 వోల్టుల మెగ్గర్ పెట్టి చూసి, అది కనీసం ఒక మెగోమ్ చూపిస్తేనే కరెంటు ఇవ్వాలన్నది చాలా కాలంగా ఉన్న నియమం. మెగ్గర్ సొంతంగా ఉన్న ఊరి ఎలక్ట్రీషియన్లు మాత్రం తక్కువే.

చెరువు మెకానిక్కు దగ్గరికే మళ్లీ వెళ్దాం, ఈసారి అతని ఇంటికి. చాలా ఇళ్లలో రాత్రి ఫోన్ ముందు భార్యే ఎత్తుతుంది. ఏ ఊరు, ఏ చెరువు, ఎవరు మాట్లాడుతున్నారు, ఏమైందని అడిగి క్యాలెండరు మీదో పాత పుస్తకంలోనో రాస్తుంది. ఆ రాతే పట్టుబడినాడు లెక్కకు ఆధారం. ఆయన ఎక్కడికి వెళ్లాడో, ఎప్పటికి రావాలో ఆమెకు తెలుసు. రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా తెలుసు. ఈ వ్యాపారంలో సగం ఆమె నడుపుతోందని అనాల్సినంత పని అది. ఎక్కడా జీతం లేదు, పేరు లేదు.

గట్ల మీద వర్షాకాలంలో బండి జారుతుంది, గడ్డిలో కట్లపాము, రక్తపింజరి ఉంటాయి. మోకాళ్ల దాకా బూట్లు, తలకు కట్టుకునే లైటు రెండూ సామాను సంచిలో ఉండాల్సినవే. కాటు వేస్తే మంత్రం వేయించుకుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేసి ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లాలి, విరుగుడు మందు అక్కడే ఉంటుంది. వీటికన్నా తక్కువగా మాట్లాడుకునే ప్రమాదం తిరుగు ప్రయాణం. పని అయిపోయాక ఒళ్లు సడలుతుంది, నాలుగున్నర గంటలకు కళ్లు మూతలు పడతాయి, అదే సమయానికి రొయ్యల లారీలు రోడ్డెక్కుతాయి. చెరువు షెడ్డులో నులకమంచం ఉంటే ఒక గంట పడుకుని తెల్లారాక రావడం మంచిది. అలా ఉండమని చెప్పాల్సింది రైతే.

సొంతంగా బతికేవాడికి పీఎఫ్ లేదు, ఈఎస్‌ఐ లేదు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కింద బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు కట్ అయితే ప్రమాదంలో ప్రాణం పోయినప్పుడు కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. 18 నుంచి 70 ఏళ్ల వారికి ఇది వర్తిస్తుంది. చేతిలో ఉన్న ఫోన్ నుంచే చేరవచ్చు. 2 లక్షలు పెద్ద మొత్తం కాదు, అయినా అది కూడా లేకుండా నీళ్లలోకి దిగేవారు ఎందరో.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. తాళాలు బాగుచేసేవారున్నారు, తాపీ మేస్త్రీలున్నారు, వలలు అల్లేవారున్నారు. ఎలక్ట్రీషియన్ లేడు, ప్లంబరు లేడు, మోటారు మెకానిక్కు లేడు. శిక్షణ, పనిముట్లకు సాయం, తక్కువ వడ్డీ అప్పు ఆ పథకంలో ఉన్నాయి. ఇవి చెరువు గట్ల మీద పనిచేసేవారికి దక్కాల్సినవి కావా? భీమవరం, కైకలూరు లాంటి చోట్ల ఐటీఐలలో పని తెలిసిన పాత మెకానిక్కులకు సాయంత్రం పూట కొద్ది వారాల శిక్షణ ఇచ్చి, వైర్‌మన్ పర్మిట్ పరీక్షకు తయారు చేయవచ్చు. పాసైనవారికి ఒక మెగ్గర్, ఒక జత రబ్బరు చేతి తొడుగులు ఇస్తే ఎంతో ఖర్చేమీ కాదు. రాష్ట్రంలో ఆక్వాకు 2020 నుంచి చట్టంతో ఏర్పడిన ప్రాధికార సంస్థ ఉంది. చెరువుకు రిజిస్ట్రేషన్ అడుగుతున్నప్పుడే అక్కడి బోర్డులో ఈఎల్‌సీబీ, ఛేంజోవర్ స్విచ్ ఉన్నాయా అని కూడా ఒక గడి పెట్టి అడగవచ్చు.

ఈలోగా రైతులు తమంతట తాము చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. వారానికోసారి పట్టపగలు జనరేటరు పావుగంట నడిపి చూడడం, ప్యానల్ బోర్డులో ఏ స్విచ్ ఏ ఏరియేటర్‌దో పెయింటుతో రాయించడం, మెకానిక్కు వచ్చే రాత్రి రోడ్డు మలుపు దగ్గర టార్చితో ఒక మనిషిని నిలబెట్టడం. ఆ మెకానిక్కు నంబరు పక్కనే ఇంకో మెకానిక్కు నంబరు కూడా బోర్డు మూతకు లోపలి వైపు రాసి ఉంచాలి. మొదటివాడికి జ్వరం వచ్చిన రాత్రి కూడా చెరువుకు ఆక్సిజన్ కావాలి కదా.